ధాన్యానికున్న తేమ మిషన్ గేములకి లేదేం?

మొన్న నాన్నతో కలిసి ధాన్యం తోలడానికి వెళ్లాను. సార్వా (ఖరీఫ్) ధాన్యం. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మా చేను మొత్తం పడుకుండిపోయింది. నీళ్లు తీసి, లేపగలిగినంత లేపి కట్టలు కట్టి, కోయించి, రోడ్డు వార బరకాల మీద ఆరబోశాం. మబ్బు పట్టినప్పుడల్లా పరుగెత్తి కుప్ప చేసి కప్పడం, ఎండ రాగానే విప్పి మళ్లీ కాళ్లతో చాళ్లు తీయడం. ఎనిమిది రోజులు ఇదే పని. తీరా కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్లాక తేమ మిషన్‌లో గుప్పెడు గింజలు పోసి చూశారు. తేమ 17.8 శాతం చూపించింది. 17 దాటకూడదు. "ఇంకో ఎండ తగలాలి బాబాయ్ గారూ" అన్నాడు ఆ కుర్రాడు. నాన్న మారుమాట లేకుండా ట్రాక్టరు వెనక్కి తిప్పించారు.

అదే వారంలో నేను లాప్‌టాప్‌లో ఆడే గేమ్ ఒకటి కొన్నాను. పేరు చెప్పను, ఎందుకంటే నా బాధ ఆ ఒక్క గేమ్‌తో కాదు. రెండు నెలల్నుంచి ట్రైలర్లు చూసి చూసి, జీతం పడగానే కొన్నాను. 90 జీబీ పైన ఉంది, రెండు రాత్రులు డౌన్‌లోడ్ పెట్టి పడుకున్నాను. మూడో రోజు తెరిస్తే నల్లటి తెర మీద ఒక సన్నటి గీత, షేడర్లు సిద్ధమవుతున్నాయి అని. అది నిండేసరికి 26 నిమిషాలు పట్టింది. అమ్మ భోజనానికి పిలిస్తే వెళ్లి తినేసి వచ్చాను, ఇంకా నడుస్తూనే ఉంది. సరే, మొదలైంది. మొదటి ఊళ్లోకి గుర్రం మీద అడుగుపెట్టగానే బొమ్మ ఆగింది. కదిలింది. మళ్లీ ఆగింది. తలుపు తీస్తే ఆగుడు, కత్తి దూస్తే ఆగుడు. సెట్టింగ్స్ అన్నీ కిందకి దించేశాను. గుర్రం మొహం మట్టిముద్దలా తయారైంది గానీ ఆగుడు మాత్రం తగ్గలేదు.

ఎనిమిది రోజులు ఎండబెట్టిన ధాన్యంలో 0.8 శాతం తేమ ఎక్కువుందని వెనక్కి పంపితే మేం ఒప్పుకున్నాం, అది రూలు కాబట్టి. మరి ఇంత డబ్బు పోసి కొన్న వస్తువు ఉడికీ ఉడక్కుండా నా చేతికొస్తే, దాన్ని ఏ మిషన్‌లో పోసి చూడాలి? ఎవరు వెనక్కి తిప్పుతారు?

ఈ షేడర్ల సంగతి తెలియని వాళ్లకి చెబుతాను. వెలుగు ఎలా పడాలి, నీళ్లు ఎలా మెరవాలి అని గ్రాఫిక్స్ కార్డుకి చెప్పే చిన్న చిన్న ప్రోగ్రాములే షేడర్లు. ప్లేస్టేషన్ లాంటి కన్సోళ్లలో (టీవీకి పెట్టి ఆడే మెషిన్లు) ఒక్కో మోడల్‌కి ఒకటే రకం చిప్పు కాబట్టి వాటిని ముందే తయారుచేసి పంపొచ్చు. పీసీల్లో వందల రకాల కార్డులు, కాబట్టి ఏ మెషిన్‌కి ఆ మెషిన్‌లోనే తయారుకావాలి. ఆట మొదలయ్యే ముందే ఆ పని పూర్తిచేస్తే సరిపోతుంది. సరిగ్గా చేయకపోతే ఆడుతున్నప్పుడు తయారవుతూ ఉంటాయి, తయారైన ప్రతిసారీ ఆట తడబడుతుంది. ఈ జబ్బు ఇవాళ్టిది కాదు, తయారీదారులందరికీ తెలుసు. మందు కూడా తెలుసు. దానికి టైమ్ కావాలి. ఆ టైమ్ ఇవ్వకుండా విడుదల తేదీ పెట్టేస్తున్నారు, నాకు కడుపు మండేది అక్కడే.

పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో రిఫండ్ ఉంది కదా అంటారు. ఉంది. కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే ఇస్తారు. నా 26 నిమిషాలు ఆ 2 గంటల్లోనే పోయాయి. మిగతా టైమ్ సెట్టింగ్స్ తిప్పడంలో పోయింది. కథేంటో తెలియకముందే గడువు దాటింది.

ఇప్పుడు పేర్లు పెట్టి మాట్లాడతాను. మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్ 2025 ఫిబ్రవరి 28న వచ్చింది. పెద్ద పెద్ద జంతువుల్ని వేటాడే గేమ్, క్యాప్‌కామ్ అనే కంపెనీది. మూడు రోజుల్లో 80 లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. ఆ సిరీస్ అంటే నాకు ప్రాణం. అంత పెద్ద జంతువు వెనక గంటసేపు తిరిగి, దాని అడుగులు చూసి, అది అలిసిపోయి కుంటుకుంటూ గూటికి వెళ్లేటప్పుడు కలిగే ఆ అనుభూతి ఇంకే గేమ్‌లోనూ దొరకలేదు నాకు. కానీ పీసీలో 1080పీలో (ఫుల్ హెచ్‌డీ తెర), సెకనుకి 60 ఫ్రేములతో, అంటే 60 బొమ్మలతో ఆడటానికి వాళ్లే రాసిన సిఫారసులో ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేసుకోమని ఉంది. ఫ్రేమ్ జనరేషన్ అంటే కార్డు నిజంగా గీసిన రెండు బొమ్మల మధ్యలో ఊహించి ఇంకో బొమ్మ ఇరికించడం. కంటికి నునుపుగా కనిపిస్తుంది, కానీ చేతిలో బటన్ నొక్కితే మాత్రం పాత వేగమే. ఆ పద్ధతి తెచ్చిన కంపెనీల్లో ఒకటైన ఏఎండీనే, ముందు 60 నిజం ఫ్రేములు ఉన్నచోట వాడితే మంచిదని చెబుతుంది. వీళ్లు 60 చేరుకోవడానికే దాన్ని వాడమంటున్నారు. పాలల్లో నీళ్లు కలిపి లీటరు కొలత చూపించినట్టుంది ఇది. కొన్నవాళ్లు ఊరుకోలేదు, ఆ వేసవి వచ్చేసరికి స్టీమ్‌లో కొత్తగా పడే రివ్యూలు ఘోరంగా తయారయ్యాయి.

"నీ లాప్‌టాప్ పాతది, అది గేమ్ తప్పెలా అవుతుంది" అని ప్రతి పోస్టు కిందా ఒకరు రాస్తారు. నాది 3050 గ్రాఫిక్స్ కార్డున్న లాప్‌టాప్, ఇంకా ఈఎంఐ నడుస్తోంది. కొత్త కార్డులున్నవాళ్లతో సమానంగా ఆడించమని నేను అడగట్లేదు. ఆడతదని గేమ్ చేసినవాళ్లు రాసిన లెక్క నిజమవ్వాలి, అంతే. చేయాలనుకుంటే అవుతుంది కూడా. 2025 అక్టోబర్ 10న వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 6 చూడండి. రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల్ని నిజంలా లెక్కగట్టే బరువైన పద్ధతి) అసలు పెట్టలేదు, మామూలు మెషిన్లలో బాగా నడవాలనే పెట్టలేదని వాళ్లే చెప్పారు. 2060 కార్డు ఉన్నా చాలన్నారు. అంత హడావిడి, అంత పొగ, కూలే మేడలు ఉన్న గేమ్ అది. అమ్ముడుపోలేదా అంటే మూడు రోజుల్లో 70 లక్షలు దాటింది. అందులోనూ నాకు నచ్చనివి ఉన్నాయి, స్కిన్ల (పాత్రలకి, తుపాకులకి వేసే వేషాలు) అమ్మకం ఒకటి, కానీ మెషిన్ విషయంలో మాట నిలబెట్టుకున్నారు.

హెల్‌డైవర్స్ 2 అనే గేమ్ సంగతి చదివినప్పుడైతే నాకు నిద్రపట్టలేదు. పీసీలో 150 జీబీ పైన ఉండేది. పాత హార్డ్ డిస్కుల్లో త్వరగా దొరకాలని ఒకే ఫైలుని పదే పదే కాపీలు పెట్టారట. 2025 డిసెంబర్‌లో ఆ కాపీలు తీసేస్తే 23 జీబీ దగ్గరకొచ్చింది. లోడింగ్ పెద్దగా నెమ్మదించలేదు కూడా. నిజంగానే తగ్గించారు, అందుకు మెచ్చుకోవాలి. కానీ అంతకుముందు దాదాపు రెండేళ్లపాటు మోసినవాళ్ల సంగతో? మా ఊళ్లో సగం మంది కుర్రాళ్లు రోజుకి ఒకటిన్నర, రెండు జీబీల ఫోన్ డేటా హాట్‌స్పాట్ పెట్టుకుని డౌన్‌లోడ్ చేస్తారు. 150 జీబీ అంటే రోజుకి రెండు చొప్పున 75 రోజులు. అంటే రెండున్నర నెలలు. 130 జీబీ గాలికి అన్నమాట.

ఇక తుపాను రోజులు. కరెంటు పోయింది. లైన్‌మెన్లు మోకాలి లోతు నీళ్లలో తిరిగి మూడో రోజుకి ఇచ్చారు, వాళ్లకి దండం పెట్టాలి. నెట్ మాత్రం తొమ్మిది రోజులు లేదు, కేబుల్ మీద కొబ్బరిచెట్లు పడ్డాయి. కరెంటు లేనప్పుడు మా పక్కింటి రొయ్యల చెరువు పెదనాన్న నీళ్లకి గాలి కొట్టే ఏరియేటర్ల కోసం పెట్టుకున్న జనరేటరు నుంచి సాయంత్రం గంటసేపు వీధి మొత్తానికి వైరు లాగి ఇచ్చేవారు. ఫోన్లు, ఛార్జింగ్ లైట్లు, వాటి మధ్యలో నా లాప్‌టాప్. రాత్రి చేలో నీళ్లు, బయట కప్పల మోత, ఇంట్లో చేయడానికి ఏమీ లేదు. నా లైబ్రరీలో డబ్బు పెట్టి కొన్న గేములు ఇరవై రెండున్నాయి. తొమ్మిది తెరుచుకోలేదు. ఇంటర్నెట్ కనెక్షన్ చూసుకోండి అని ఒక బాక్సు వస్తుంది, సరే అని నొక్కితే మూసుకుపోతుంది. అందులో నాలుగు పూర్తిగా ఒంటరిగా ఆడుకునే కథలు! ఎవరితోనూ పోటీ లేదు, ఎవరి సర్వరుతోనూ పని లేదు. నేను కొన్నాననుకుంటున్నాను, వాళ్ల దృష్టిలో అద్దెకి ఇచ్చారు.

ఇది పెరుగుతోందే తప్ప తగ్గట్లేదు. 2025 నవంబర్‌లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ బ్లాక్ ఆప్స్ 7లో కథ భాగం ఒక్కరే ఆడినా నెట్ ఉండాల్సిందే. విడుదలైనప్పుడు మధ్యలో పాజ్ కూడా లేదు. పాజ్ లేని గేమ్ చేసినవాడికి పాలు పొంగుతున్నాయిరా అని పిలిచే అమ్మ లేదా అనిపించింది నాకు. ద క్రూ అనే కార్ల గేమ్ 2014లో వచ్చింది, 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు, డబ్బిచ్చి కొన్నవాళ్లకి ఏమీ మిగల్లేదు. ఆ కోపంలోంచే యూరప్‌లో గేములు చంపొద్దు అనే ఉద్యమం పుట్టి 10 లక్షల సంతకాలు దాటింది. మన దగ్గర గేముల చట్టం అంటే ఎక్కువగా పందేల గురించే. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నిషేధించారు, చాలా మంచి పని, ఎన్ని ఇళ్లు నాశనమయ్యాయో మనకి తెలుసు. మా అమ్మకి గేమ్ అన్నా పందెం అన్నా ఒకటేనన్న భయం ఇప్పటికీ పోలేదు. కానీ కొన్న వస్తువు రేపు మన దగ్గర ఉంటుందా లేదా అన్న ప్రశ్న మాత్రం ఇక్కడ ఎవరూ ఎత్తట్లేదు.

ఆ రాత్రుల్లో తెరుచుకున్నవాటిలో హాలో నైట్ సిల్క్‌సాంగ్ ఒకటి. ఆస్ట్రేలియాలో ఆడిలైడ్ ఊళ్లో టీమ్ చెర్రీ అనే ముగ్గురి జట్టు చేసిన గేమ్. 2019లో ప్రకటించి 2025 సెప్టెంబర్ 4న ఇచ్చారు. ఆరున్నరేళ్లు జనం తిట్టారు, ఎగతాళి చేశారు, అయినా పచ్చిగా అమ్మలేదు. వచ్చిన రోజు తాకిడికి ఆన్‌లైన్ స్టోర్లు ఆగిపోయాయి. ధర 20 డాలర్లు. 2025-26లో మామూలు రకం ధాన్యం మద్దతు ధర క్వింటాకి 2,369, అంటే మా 75 కిలోల బస్తాకి 1,777 రూపాయలు. అప్పటి డాలరు లెక్కన 20 డాలర్లూ ఇంచుమించు అంతే, ఒక బస్తా ధాన్యం. 70 డాలర్ల గేమ్ అయితే మూడున్నర బస్తాలు. ఇలా లెక్కేయడం మొదలుపెట్టాక నేను ఏ గేమ్‌నీ తేలిగ్గా కొనలేకపోతున్నాను.

సిల్క్‌సాంగ్‌లో లోపాల్లేవని కాదు. చాలా దెబ్బలకి ఒకేసారి రెండు ప్రాణాలు పోతాయి. కొన్నిచోట్ల విశ్రాంతి బెంచీ మీద కూర్చోడానికి కూడా రోసరీ పూసలు (ఆ గేమ్‌లో డబ్బు అవే) చెల్లించాలి, చచ్చిపోతే చేతిలో విడిగా ఉన్న పూసలు అక్కడే పడిపోతాయి, మళ్లీ అంత దూరం పరుగెత్తి తెచ్చుకోవాలి. ఒక బాస్ (పెద్ద శత్రువు) దగ్గర నేను నలభైసార్ల పైనే చచ్చాను. మొదట్లో వచ్చే రెండు బాసుల్ని తొలి ప్యాచ్‌లో (సవరణలో) వాళ్లే కొంచెం తగ్గించారు, తగ్గించాల్సిందే. కానీ నేను చచ్చిన ప్రతిసారీ తప్పు నా చేతిదే. మెషిన్ తడబడి చావలేదు, సర్వరు పోయి చావలేదు. ఎనిమిది జీబీలు, బ్యాటరీ కూడా తక్కువే తింటుంది. జనరేటరు గంటలో ఎక్కిన ఛార్జింగ్‌తో రాత్రి రెండు గంటలు ఆడగలిగాను. చీకట్లో, దోమతెరలో, పట్టుదారం విసురుకుంటూ గోడలెక్కుతున్న ఆ ఎర్ర అంగీ పిల్లని చూస్తూ మా చెల్లి కూడా నా పక్కనే కూర్చుండిపోయింది. "ఇంకొక్కసారి అన్నయ్యా" అని అదే అనేది.

క్లెయిర్ ఆబ్‌స్క్యూర్ ఎక్స్‌పెడిషన్ 33 అనే గేమ్ గురించి ఇంకో పోస్టే రాయాలి. ఫ్రాన్స్‌లో మోంట్‌పెలియేలో ముప్పై మంది పైచిలుకు ఉన్న కొత్త స్టూడియో, మొదటి గేమ్, 50 డాలర్లు, 2025 డిసెంబర్‌లో ఆ ఏటి మేటి గేమ్ అవార్డు. మొదటి అరగంట చాలు. ఏటా ఒకరోజు సముద్రం అవతల రాతి స్తంభం మీద అంకె మారుతుంది, ఆ వయసు వాళ్లంతా గాల్లో పూరేకులైపోతారు. ప్రేమించినామె చెయ్యి పట్టుకుని రేవుకి నడిపించే ఆ పది నిమిషాల్లో ఎక్కడా పరుగెత్తించరు. లోపలి దారుల్లో మ్యాప్ పెట్టకపోవడం మాత్రం తప్పే, వచ్చిన చోటికే మూడేసిసార్లు వచ్చాను.

మన తెలుగు గేమింగ్ ఛానళ్ల వాళ్లకి ఒక మాట. మీ మెషిన్లు లక్షన్నర, రెండు లక్షలవి. వాటి మీద ఆడి "కేక" అంటే మా కుర్రాళ్లు నమ్మి కొనేస్తున్నారు. విడుదల రోజు ఒక్క వీడియో 3050 మీదో, పాత 1650 మీదో ఆడి చూపించండి. ఎన్ని నిమిషాలు షేడర్లు తిన్నాయో, నెట్ పీకేస్తే తెరుచుకుంటుందో లేదో, ఎన్ని జీబీలో చెప్పండి. ఐదు నిమిషాల పని. గుప్పెడు గింజలు పోసి చూడటమే.

మా పిన్ని కొడుకు భీమవరంలో ఇంటర్ చదువుతున్నాడు. పీఎస్ ఫైవ్ కోసం డబ్బు దాస్తున్నాడు, నిన్న ఫోన్ చేశాడు. "అన్నయ్యా, జీటీఏ సిక్స్ 2026 నవంబర్ 19 అంట. ప్రీ ఆర్డర్ ఇవ్వగానే పెట్టేద్దామా, సగం నువ్వు వేస్తావా?" అన్నాడు. నవంబర్ 19 అంటే మాకు సార్వా కోతలు. సగం వేస్తానన్నాను. కానీ ముందుగా ఒక్క రూపాయి కూడా కట్టొద్దని, ధాన్యం తోలి డబ్బు పడ్డాక, ఆ గేమ్ వచ్చి రెండు వారాలయ్యాక కొందామని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు వాడు. తర్వాత, "సరే గానీ, ఈసారి తుపాను రాకుండా ఉంటే చాలు" అన్నాడు.