బరువా, వేగమా: ఆత్మరక్షణ తూటా ఎంపికలో అసలు లెక్క

డల్లాస్‌లో ఉండే మా బావమరిది గ్రీన్‌కార్డు వచ్చిన మరుసటి ఏడాది ఒక 9 ఎంఎం పిస్టల్ కొన్నాడు. అతని షాపు రాత్రి పదకొండు దాకా తెరిచే ఉంటుంది. రోజూ లెక్క చూసుకుని డబ్బు సంచితో ఒంటరిగా ఇంటికి వస్తాడు. తూటాలు కొందామని వెళ్లినవాడు ఆ దుకాణంలో నిలబడే ఫోన్ చేశాడు. "బావా, ఒకే కంపెనీవి మూడు రకాలు పెట్టారు. 115, 124, 147 అని రాసుంది. నంబరు పెరిగితే దెబ్బ పెరుగుతుందా?" అన్నాడు. ఆ పూట ఫోన్‌లో నేను చెప్పింది సగం జవాబే. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఈ ప్రశ్న అతనొక్కడిది కాదు.

ముందుగా చట్టం సంగతి. అమెరికాలో మనవాళ్లు చాలామంది హెచ్1బీ, ఎఫ్1 వీసాల మీద ఉంటారు. అలాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. నిషేధం తుపాకీతో ఆగదు, విడి తూటాలకూ వర్తిస్తుంది. "టెక్సాస్‌లో పర్మిట్ కూడా అక్కర్లేదట కదా" అనే మాట విని మోసపోవద్దు. 2021 సెప్టెంబరు నుంచి అక్కడ అమల్లో ఉన్న ఆ వెసులుబాటు, చట్టప్రకారం తుపాకీ ఉంచుకునే అర్హత ఉన్నవాళ్లకే. స్నేహితుడి తుపాకీ ఒక్కసారి పట్టుకుందాం అనుకునే ముందు కూడా లాయర్‌ని అడగడం మంచిది. గ్రీన్‌కార్డు వచ్చాక పరిస్థితి వేరు.

ఇక ఆ నంబరు. అది గ్రెయిన్లలో బుల్లెట్ బరువు. చాలామంది లోపలి మందు బరువు అనుకుంటారు, కాదు. గొట్టంలోంచి బయటికి దూసుకుపోయే సీసపు ముక్క బరువే అది. పౌనుకి 7,000 గ్రెయిన్లు. మన కంసాలులు గురిగింజ ఎత్తు బంగారం అని తూచినట్టే, పాశ్చాత్యులు ఒకప్పుడు బార్లీ గింజను కొలతగా పెట్టుకున్నారు. గురిగింజ ఒకటికి సుమారు 0.12 గ్రాములు తూగుతుంది. ఆ లెక్కన 115 గ్రెయిన్ల బుల్లెట్ అరవై పైచిలుకు గురిగింజల ఎత్తు, 147 గ్రెయిన్లది దాదాపు ఎనభై. గ్రాముల్లో చూస్తే ఏడున్నర, తొమ్మిదిన్నర. రెండు గ్రాముల తేడా కోసమేనా ఇంత చర్చ అనిపిస్తుంది.

తూటా కొలతలు, లోపల పుట్టే పీడనానికి ఉన్న హద్దు మూడింటికీ ఒకటే. అందుకే బుల్లెట్ బరువు పెంచితే వేగం తగ్గక తప్పదు. నాలుగంగుళాల గొట్టం ఉన్న పిస్టల్‌లో 115 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు సుమారు 1,180 అడుగుల వేగంతో పోతుంది. 147 గ్రెయిన్లది 1,000 అడుగుల దగ్గర ఆగుతుంది. బడిలో చదివిన సూత్రాలతో లెక్క కట్టండి. గతిజ శక్తిలో బరువైనది 8 శాతం వెనకబడుతుంది, ద్రవ్యవేగంలో అదే 8 శాతం ముందుంటుంది. తేలికదాన్ని అమ్మేవాళ్లు మొదటి అంకె చూపిస్తారు, బరువుదాన్ని అమ్మేవాళ్లు రెండోది. రెండూ నిజమే. కానీ ఒక మనిషి దాడి ఆపేస్తాడా లేదా అన్నది ఈ రెండంకెల్లో ఏదీ చెప్పదు. ఈ విషయం అమెరికా పోలీసు వ్యవస్థకు తెలిసిరావడానికి చాలా ఖరీదైన పాఠం కావాల్సి వచ్చింది.

1986 ఏప్రిల్ 11 ఉదయం. మయామీ దగ్గర ఎనిమిది మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లు బ్యాంకు దోపిడీలు చేస్తున్న మైఖేల్ ప్లాట్, విలియం మ్యాటిక్స్ అనే ఇద్దరి కారును అడ్డగించారు. కాల్పులు మొదలైన కాసేపటికే ఒక ఏజెంట్ పేల్చిన 9 ఎంఎం బుల్లెట్ ప్లాట్‌కి తగిలింది. అది 115 గ్రెయిన్ల హాలో పాయింట్, అంటే ముక్కు దగ్గర గుంత ఉండి శరీరంలో విచ్చుకునే బుల్లెట్. కుడి చేతి కండను చీల్చుకుని ఛాతీలోకి వెళ్లింది, ఊపిరితిత్తిని దెబ్బతీసింది, గుండెకు కాస్త దూరంలో ఆగిపోయింది. ఆ గాయంతో ప్లాట్ బతికే అవకాశం తక్కువ. కానీ వెంటనే కూలిపోలేదు. రైఫిల్‌తో కాలుస్తూనే ఉన్నాడు. బెంజమిన్ గ్రోగన్, జెర్రీ డవ్ అనే ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, మరో ఐదుగురు గాయపడ్డారు. చివరికి దుండగులిద్దరూ హతమయ్యారు. మొత్తం అయిదు నిమిషాల లోపే ముగిసింది.

ఆ బుల్లెట్ చెడిపోయిందని చెప్పలేం. తయారుచేసినవాళ్లు ఎలా అనుకున్నారో అలాగే పనిచేసింది. వేగంగా వెళ్లింది, శరీరంలో త్వరగా విచ్చుకుంది, అందుకే త్వరగా ఆగింది. తేలికగా, వేగంగా ఉంటే చాలు, శక్తంతా లోపలే వదిలేస్తుంది అన్నది అప్పటి నమ్మకం. ఎదుటివాడు ఛాతీ విరుచుకుని నిటారుగా నిలబడి ఉంటే ఆ లెక్క సరిపోవచ్చు. కానీ నిజమైన గొడవలో మనిషి పక్కకు తిరుగుతాడు, వంగుతాడు, చెయ్యి అడ్డం వస్తుంది. చేతిని దాటాక గుండె దాకా వెళ్లే లోతు ఆ బుల్లెట్‌కి మిగల్లేదు.

1987లో వర్జీనియాలోని క్వాంటికోలో ఎఫ్‌బీఐ గాయాల నిపుణులను కూర్చోబెట్టింది. సైనిక శస్త్రవైద్యుడు మార్టిన్ ఫ్యాక్లర్ వాదన అక్కడి ఆలోచనను బాగా ప్రభావితం చేసింది. చేతి తుపాకీ బుల్లెట్‌కి రైఫిల్‌కి ఉన్న వేగం ఉండదు, కాబట్టి అది నేరుగా తాకి చీల్చిన కండరమే లెక్క, ప్రాణాధారమైన అవయవం దాకా చేరకపోతే మిగతాదంతా వృథా అన్నది ఆయన మాట. ఆ తర్వాత వచ్చిందే ఇప్పటికీ అందరూ చెప్పే కొలమానం. మనిషి కండరాన్ని పోలి ఉండేలా 10 శాతం జిలాటిన్ దిమ్మె తయారుచేస్తారు. దాని ముందు మందపాటి బట్టలు, గోడపలక, చెక్క, రేకు, కారు అద్దం లాంటివి అడ్డం పెట్టి కాలుస్తారు. బుల్లెట్ కనీసం 12 అంగుళాలు పోవాలి, 18 అంగుళాలు దాటకూడదు.

అసలు తప్పుడు పాఠం ఇక్కడే మొదలైంది. "తేలిక బుల్లెట్ ఓడింది, కాబట్టి బరువుదే గెలుపు" అని చాలామంది నిర్ణయించేసుకున్నారు. ఎఫ్‌బీఐ కూడా మొదట 147 గ్రెయిన్ల నెమ్మది బుల్లెట్‌కి మారింది. తర్వాత 10 ఎంఎం అనే పెద్ద తూటాకి వెళ్లింది. దాని దెబ్బకి కాల్చేవాళ్ల చేతులు తట్టుకోలేక మందు తగ్గించారు. మందు తగ్గించాక మందు పట్టే గుల్ల అంత పొడుగు అవసరమే లేదని తేలి, 1990లో 40 ఎస్ అండ్ డబ్ల్యూ అనే పొట్టి తూటా పుట్టింది. 180 గ్రెయిన్ల బుల్లెట్‌తో అది అమెరికా పోలీసు బెల్టుల మీదకి ఎక్కింది. పాతికేళ్లు గడిచాక ఎఫ్‌బీఐ మళ్లీ 9 ఎంఎంకే తిరిగొచ్చింది. కొత్త తరం బుల్లెట్లలో 9కీ 40కీ గాయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించడం లేదని, 9తో ఏజెంట్లు త్వరగా, గురిగా కాలుస్తున్నారని 2014లో దాని శిక్షణ విభాగం కారణం చెప్పింది.

మధ్యలో మారింది బరువు కాదు, బుల్లెట్ తయారీ. 1980ల చివర్లో వచ్చిన తొలి 147 గ్రెయిన్ల హాలో పాయింట్లు చాలాసార్లు విచ్చుకునేవే కావు. ముక్కు దగ్గరి గుంతలో బట్ట పీచు నిండిపోయి మామూలు మొద్దు బుల్లెట్‌లా నేరుగా దూసుకుపోయేవి. ఈ రోజు రాగి తొడుగు సీసం నుంచి విడిపోకుండా అతికించడమో బిగించడమో చేస్తున్నారు, తక్కువ వేగంలోనూ విచ్చుకునేలా గుంత ఆకారం మారుస్తున్నారు. అందుకే స్పీర్ గోల్డ్ డాట్, ఫెడరల్ హెచ్‌ఎస్‌టీ లాంటి పేరున్న రకాల్లో 124 తీసుకున్నా 147 తీసుకున్నా ఆ 12 నుంచి 18 అంగుళాల హద్దులోనే ఆగేలా రూపొందించారు. పాతకాలపు నాసిరకం 147 కంటే మంచి 124 నయం. పేరూ ఊరూ లేని చవక 115 కంటే ఈ రెండూ నయం. నా దృష్టిలో బరువు మొదటి ప్రశ్న కాదు. బుల్లెట్ ఎలా తయారైంది, మన తుపాకీలో ఇరుక్కోకుండా పనిచేస్తుందా అన్నవి ముందు తేలాలి.

అయితే బరువు పట్టించుకోనక్కర్లేదనడం లేదు. మూడంగుళాల గొట్టం ఉన్న చిన్న పిస్టల్స్‌లో దాని ప్రభావం కనిపిస్తుంది. గొట్టం పొట్టిదైతే ఏ బుల్లెట్‌కైనా వేగం పడిపోతుంది. తేలికది విచ్చుకోవడానికి వేగాన్నే నమ్ముకుంటుంది కాబట్టి నష్టం దానికే ఎక్కువ. నెమ్మదిగా వెళ్లినా విచ్చుకునేలా తయారైన మంచి 147కి అంత బాధ లేదు. పైగా అది ధ్వని వేగం కంటే తక్కువలో పోతుంది కాబట్టి గాలిలో కొరడా ఝళిపించినట్టు చప్పుడు చెయ్యదు. మూసిన గదిలో పేల్చాల్సి వస్తే చెవులకు ఆ మాత్రం మేలు కూడా తక్కువేం కాదు, అయినా చెవులు గింగురుమనడం మాత్రం తప్పదు.

రివాల్వర్‌లో కథ ఇంకోలా ఉంటుంది. 38 స్పెషల్ అనే తూటా వాడే పొట్టి రివాల్వర్లకు గురిచూసే ముల్లు కదలదు, ఎక్కువగా 158 గ్రెయిన్ల బుల్లెట్‌కి సరిపోయేలా కట్టి ఉంటుంది. అందులో 110 వేస్తే గుండు గురిపెట్టిన చోటికి కిందుగా తగులుతుంది. తేలిక బుల్లెట్ గొట్టంలోంచి త్వరగా బయటపడుతుంది, తుపాకీ పైకి లేచేలోపే వెళ్లిపోతుంది, కారణం అదే. ఇక 380 అనే చిన్న తూటా వాడే, జేబులో పట్టే పిస్టల్స్‌లో 90, 95 గ్రెయిన్ల బుల్లెట్లే ఎక్కువ. అక్కడ విచ్చుకుంటే లోతు చాలదు, లోతుకు పోతే విచ్చుకోదు. రెండూ కావాలంటే అంత చిన్న తుపాకీ ఇవ్వలేదు, ఆ సంగతి కొనేముందే ఒప్పుకోవాలి.

చేతికి తగిలే కుదుపు గురించి మాటల్లో ఎంత చెప్పినా చాలదు. నాకైతే 115 చేతిని చటుక్కున విదిలించినట్టు ఉంటుంది, 147 మెల్లగా వెనక్కి నెట్టినట్టు ఉంటుంది. ఇంకొకరికి సరిగ్గా తిరగేసి అనిపించవచ్చు. పెట్టె మీద ప్లస్ పీ అని ఉంటే లోపల పీడనం ఎక్కువని అర్థం. ఆ కాస్త అదనపు వేగం కోసం రెండో గుండు గురి తప్పితే ఏం లాభం? కీళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, మణికట్టు సన్నగా ఉన్నవాళ్లు మెత్తగా తన్నే తూటా ఎంచుకుంటే అందులో చిన్నతనం ఏమీ లేదు.

నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది గోడ. మన ఊళ్లో ఇల్లంటే ఇటుక గోడ. అమెరికాలో లోపలి గోడ అంటే చెక్క పట్టీలకు రెండువైపులా కొట్టిన జిప్సం పలకలు. పిడికిలితో గుద్దినా చిల్లు పడుతుంది. "తేలిక బుల్లెట్ గోడ దాటదు, అపార్ట్‌మెంట్‌కి అదే సేఫ్" అని కొందరు నమ్మకంగా చెబుతారు. ఇది ప్రమాదకరమైన అబద్ధం. మనిషిలో 12 అంగుళాలు పోగల ఏ బుల్లెటైనా, 115 కానీ 147 కానీ, అలాంటి గోడలు ఒకటికి మించి దాటేస్తుంది. ఆ పలక పొడి ముక్కులో నిండితే విచ్చుకోకుండా ఇంకా లోతుకు పోవచ్చు కూడా. తగలగానే పొడిపొడి అయ్యేలా చేసిన అతి తేలిక బుల్లెట్లు ఉన్నాయి గానీ, వాటితో మయామీ సమస్యే మళ్లీ ఎదురవుతుంది, లోతు చాలదు. కాబట్టి పక్క గదిలో పిల్లలను కాపాడే బరువంటూ ఏదీ లేదు. ఏ గది తలుపు దగ్గర నిలబడతాం, ఎటువైపు కాలుస్తాం, ఆ వెనక ఎవరు పడుకుంటారు అన్నది పగటిపూట ఇల్లంతా నడిచి చూసుకోవాలి.

విచ్చుకునే బుల్లెట్ మాట వస్తే మన దేశం ప్రస్తావన రాక తప్పదు. కలకత్తా పక్కన డమ్ డమ్‌లోని బ్రిటిష్ ఆయుధ కర్మాగారంలో 1890లలో తయారైన మెత్తటి ముక్కు బుల్లెట్‌కే డమ్ డమ్ అనే పేరు స్థిరపడింది. 1899 హేగ్ ప్రకటన యుద్ధాల్లో ఇలాంటివి వాడకూడదంది. దేశం లోపల పోలీసులకు, పౌరులకు అది వర్తించదు, అయినా స్థానిక చట్టాలు వేరువేరుగా ఉంటాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో హాలో పాయింట్ ఇంట్లో ఉంచుకోవచ్చు గానీ బయట వెంట తీసుకెళ్లడం మీద గట్టి ఆంక్షలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణల్లోనైతే ఈ ఎంపికే లేదు. 1959 ఆయుధాల చట్టం కింద 9 ఎంఎం మామూలు పౌరుడికి నిషిద్ధం. లైసెన్సు దొరికినా ఎక్కువమందికి 32 బోర్ రివాల్వరే, దుకాణంలో ఏది ఉంటే ఆ తూటాయే, ఎన్నికలొస్తే అదీ స్టేషన్‌లో అప్పగించడమే.

బావమరిదికి నేను చెప్పింది ఇది. 124, 147 గ్రెయిన్లలో పేరున్న హాలో పాయింట్లు చెరో రెండు పెట్టెలు కొను. రేంజికి వెళ్లి నీ సొంత పిస్టల్‌తో కాల్చు. ఎక్కడ తగులుతున్నాయో, ఏది ఇరుక్కుంటోందో, రెండో గుండు ఎంత త్వరగా గురికి వస్తోందో చూడు. ఏది తేలితే అదే బరువున్న చవక తూటాలు ప్రాక్టీసుకి తెచ్చుకో. తుపాకీ మాత్రం ఎప్పుడూ తాళం వేసిన పెట్టెలోనే ఉండాలి.

రెండు వారాల తర్వాత మళ్లీ ఫోన్ చేశాడు. 147 బాగానే ఉంది కానీ పిస్టల్ రెండుసార్లు ఖాళీ గుల్లను సరిగా బయటికి నెట్టలేదట, 124తో ఒక్కసారీ ఆగలేదట. అదే ఖాయం చేసుకున్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. "ఇల్లంతా నడిచి చూశాం బావా. మా పడకగది తలుపు దగ్గర నిలబడి వీధి తలుపు వైపు చూస్తే, ఆ పక్క గోడ వెనకే పాప మంచం ఉంది. నిన్న దాన్ని పెరటి వైపు గదిలోకి మార్చాం."