సవరణ: బీటిల్ వెనుక ఇరుసు నట్టు బిగింపు

పాత వోక్స్‌వాగన్ బీటిల్ వెనుక ఇరుసు నట్టును విప్పే పనిముట్టును ఇంట్లోనే ఎలా తయారుచేసుకోవాలో ఇంతకుముందు రాశాను. అందులో పెద్ద తప్పు దొర్లింది. 36 మిల్లీమీటర్ల ఆ నట్టును తిరిగి 217 న్యూటన్ మీటర్లకు బిగించమన్నాను. నిజానికి అది 217 అడుగు-పౌండ్లు, అంటే సుమారు 294 న్యూటన్ మీటర్లు. నేను రాసినట్లు చేసినవారు దయచేసి కారు బయటికి తీయకముందే మళ్లీ బిగించండి. నట్టు వదులుగా ఉంటే, ఇరుసు కొసకు తగిలించిన బ్రేకు డ్రమ్ము లోపలి పళ్లు కొద్దికొద్దిగా అరిగిపోతాయి, చివరికి చక్రం పట్టు తప్పుతుంది. ఇంత ముఖ్యమైన అంకెను సరిచూడకుండా రాసినందుకు క్షమించండి.

పనిముట్టులో మార్పేమీ లేదు. మందపాటి ఇనుప యాంగిల్‌కు (L ఆకారపు పట్టీకి) రెండు రంధ్రాలు వేసి, చక్రం బోల్టులతో డ్రమ్ముకు బిగించి, రెండో కొసను నేలకు ఆనిస్తే డ్రమ్ము తిరగదు. బిగించేటప్పుడు యాంగిల్‌ను అవతలి వైపుకు ఆనించాలి. బిగువును కొలిచి చూపే టార్క్ రెంచి లేనివారికి ఒక లెక్క: నట్టు నుంచి సరిగ్గా మీటరు దూరంలో, అడ్డంగా ఉన్న గొట్టం మీద 30 కిలోల బరువు పడితే దాదాపు అంతే బిగువు వస్తుంది.

నట్టు వదులు కాకుండా ఇరుసు రంధ్రంలో దూర్చే కాటర్ పిన్ను సంగతి అప్పుడు రాయనేలేదు. ఇరుసు రంధ్రం, నట్టు గాడి ఎదురెదురుగా కలవకపోతే నట్టును ఇంకొంచెం బిగించాలి, వెనక్కి వదలకూడదు. పిన్ను ప్రతిసారీ కొత్తదే వేయండి.