బ్లైండ్స్ శాంపిల్ బుక్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ శాంపిల్ బుక్ గారికి,

కిటికీలకు కట్టే బ్లైండ్స్ గుడ్డముక్కలు అంటించుకున్న తమరిని చంకలో పెట్టుకుని ఇళ్లూ ఆఫీసులూ తిరిగే కొలతలవాడు నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి.

తమరి బరువు మీద నాకు ఫిర్యాదు లేదు. ఒకే గోధుమరంగుకు అన్నేసి పేర్లు పెట్టుకున్నా పట్టించుకోను. నా బాధల్లా వేరు. తమరు గదిలో అడుగు పెట్టగానే అందరూ సోఫా చుట్టూ చేరతారు. గుడ్డముక్కను దిండు పక్కన పెట్టి చూసి, ‘మ్యాచ్ అయింది’ అని తేల్చేస్తారు. కిటికీ దగ్గరికి మాత్రం ఒక్కరూ రారు. అది పడమటిదో ఉత్తరానిదో అడుగుదామంటే తమరికి నోరు లేదు. నాకు నోరున్నా వినేవాళ్లు లేరు.

పడమటి ఎండకు రంగుతో పనేమిటండీ? సాయంత్రం సూర్యుడు కిందికి దిగి తిన్నగా గదిలోకే వస్తాడు. ఆ ఎండను లోపల కట్టిన బ్లైండ్ ఆపుతుంది కానీ, అప్పటికే అది గాజు దాటి వచ్చేసింది. గుడ్డ వేడెక్కి ఆ వేడినే గదికి పంచుతుంది. గాజు వైపు లేత రంగుంటే కొంత తిప్పికొడుతుంది, అంతే. వేడి వద్దనుకుంటే గాజుకు అవతలే అడ్డుకోవాలి. వేసవిలో కిటికీ బయట పందిరిలా కట్టే ఆనింగు దక్షిణపు కిటికీలోంచి వచ్చే ఎండవేడిని 65 శాతం వరకు, పడమటి కిటికీలోంచి వచ్చేదాన్ని 77 శాతం వరకు తగ్గించగలదని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. ఇంత పనిమంతురాలిని తమరు చివరి పేజీల్లో, చారల గుడ్డల మధ్య దాచిపెట్టారు. అక్కడిదాకా వచ్చేసరికి చూసేవాళ్లకు ఓపిక అయిపోతుంది.

స్క్రీన్ గుడ్డల పేజీల్లో ఒక మూల 1, 3, 5, 10 శాతం అని చిన్న అంకెలు వేశారు. నేతలో ఎంత ఖాళీ ఉందో చెప్పే అంకెలవి. వాటిని డిస్కౌంటు అనుకుని, ‘మాకు 10దే ఇవ్వండి’ అన్నవాళ్లున్నారు. ఆ గుడ్డను ఎండ కొట్టే ఆఫీసు కిటికీకి వేస్తే కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు కళ్లు చికిలించుకుంటూ పనిచేయాలి. లేత రంగైతే హాయిగా ఉంటుందని ఇంకో నమ్మకం. లేత గుడ్డ వేడిని ఎక్కువగా తిప్పికొట్టే మాట నిజమే, కానీ ఎండ పడితే తనే మెరిసిపోయి బయటి దృశ్యాన్ని మసకబారుస్తుంది. ముదురు గుడ్డలోంచే బయట స్పష్టంగా కనిపిస్తుంది, కళ్లకూ సుఖం. ఏ రంగైనా సరే, పగలు మనల్ని దాచిన స్క్రీన్ రాత్రి లైటు వేయగానే వీధినాటకం ఆడించేస్తుంది. ఈ ముక్క తమరిలో ఎక్కడా అచ్చయినట్టు లేదు.

బ్లాక్‌అవుట్ గుడ్డదీ అదే కథ. గుడ్డ నిజాయితీ గలదే, కిరణాన్ని కూడా రానివ్వదు. కానీ కిటికీ లోతులో బిగించిన, పైకి చుట్టుకునే రోలర్‌కు రెండు పక్కలా సందు ఉండి తీరుతుంది. నైట్ షిఫ్ట్ చేసి పొద్దున పడుకునేవాడి కళ్లల్లోకి ఎండ దూరేది అక్కడినుంచే. ఆ సందును మూసే పక్క పట్టాలకు చూపించుకునే అందం లేదు కాబట్టి తమరిలో చోటు దొరకలేదు కాబోలు.

ఇక మనుషుల సంగతి. ఆసుపత్రి గదికి, అద్దె ఇంటికి, వంటింటికి ఒకే పేజీ చూపిస్తారు తమరు. ఆసుపత్రికి మడతలు పనికిరావు, దుమ్ము పడుతుంది. తుడవడానికి వీలైనవో, రెండు గాజుల మధ్య బిగించినవో కావాలి. వంటింటి ఆవిరికి చెక్క పట్టీలు వంకర తిరుగుతాయి, అక్కడికి అల్యూమినియం నయం. అద్దెకున్నవాళ్లకు గోడకు డ్రిల్ పెట్టే హక్కే ఉండకపోవచ్చు. చేతుల్లో బలం తగ్గిన పెద్దవాళ్లకు మడతలు మడతలుగా పైకి లేచే బరువైన రోమన్ బ్లైండ్ అంటగట్టి, రోజూ చైను లాగమనడం ఏం న్యాయం?

చిన్నపిల్లలున్న ఇంట్లో మాత్రం నాకు హాస్యం రాదు. వేలాడే తాడు ఉచ్చు పసివాళ్ల మెడకు చుట్టుకుని ప్రాణాలు పోయాయి. అందుకే అమెరికాలో 2018 నుంచి రెడీమేడ్ బ్లైండ్స్‌కు తాడు ఉండకూడదని, ఉంటే అందకుండా ఉండాలని ప్రమాణం పెట్టుకున్నారు. తమరు మాత్రం కార్టూన్ బొమ్మలున్న గుడ్డలకు ఒక పేజీ కేటాయించి, పిల్లల గది బాధ్యత తీరిందనుకున్నారు.

తమరి మొదటి పేజీలో గుడ్డ అంటించకండి. కిటికీ ఏ దిక్కు, గదిలో ఉండేదెవరు, లాగేదెవరు, తుడిచేదెవరు అని నాలుగు ఖాళీ గళ్లు ఉంచండి చాలు. అవి నిండాకే రంగులు చూపిద్దాం.

ఇట్లు,
టేపు పట్టుకున్న తమ విధేయుడు

తా.క. చేతుల్లా ముడుచుకునే ఆనింగుకు కనీసం 14 డిగ్రీల వాలు లేకపోతే వానకు నడుమ నీళ్లు నిలిచి గుడ్డ సాగుతుందనీ, యూరప్ ప్రమాణంలో గాలిని తట్టుకోవడంలో 2వ తరగతి అంటే గంటకు దాదాపు 38 కిలోమీటర్ల వరకే అనీ పైఅంతస్తు వారికి చెప్పాను. ఆ గాలి మించితే దానంతటదే మూసుకునేలా సెన్సర్ పెట్టించుకోమన్నాను. అందులో ఏ రంగులున్నాయో చూపించమని తమరిని మళ్లీ రమ్మన్నారు.