పోటీ దగ్గర పడిందని వెయిట్స్ ఆపించకండి

నిన్న రిహార్సల్ అయ్యాక మా టీమ్‌లోని పంతొమ్మిదేళ్ల అమ్మాయి నా పక్కన కూలబడి, మోకాలికి ఐస్ ప్యాక్ అదుముకుంటూ చెప్పింది. "అక్కా, పోటీకి ఇంకా ఆరు వారాలే ఉన్నాయి కదా, జిమ్ మానేయమన్నారు సార్. ఇక నుంచి డాన్స్ ఒక్కటేనట."

నాకు కడుపు మండిపోయింది. నాలుగేళ్ల క్రితం వేరే టీమ్‌లో, వేరే కోచ్ నాకూ అచ్చం ఇదే మాట చెప్పారు. నేనూ బుద్ధిగా తలూపాను. అందుకే ఇది రాస్తున్నాను. కాస్త పొడుగైనా చదవండి, ముఖ్యంగా టీమ్‌లు నడిపేవాళ్లు.

ఆ ఏడాది నేను మొదటిసారి పద్ధతిగా స్ట్రెంగ్త్ ట్రైనింగ్ చేశాను. వారానికి రెండు రోజులు, నాలుగు నెలలు. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, పుల్-అప్, ఒంటికాలి మీద కాఫ్ రైజ్, అంతే. మొదలుపెట్టిన రోజు ఎడమకాలి మీద నిలబడి మడమ లేపుతుంటే 14 సార్లకే పిక్క గజగజ వణికింది. నాలుగో నెలకి 27 చేశాను. కానీ అసలు తేడా నాకు ఆ లెక్కలో కాదు, చప్పుడులో తెలిసింది. మా కొరియోగ్రఫీలో ఒక జంప్ ఉండేది. ఎడమకాలి మీద దిగి, ఆగకుండా తిరగాలి. పాత వీడియోల్లో నేను దిగినప్పుడల్లా నేల దబ్బున మోగేది. కొత్త వీడియోల్లో సంగీతం తప్ప ఇంకేమీ వినపడలేదు. బరువు మోకాలి మీద పడకుండా పిక్క, తొడ, పిరుదు కలిసి పంచుకుంటే దిగడం అలా మెత్తగా ఉంటుంది.

పోటీకి ఏడు వారాల ముందు వెయిట్స్ ఆపించారు. రెండు గంటల రిహార్సల్ ఐదు గంటలైంది. మొదటి మూడు వారాలు ఏ తేడా లేదు. పైగా ఒళ్లు తేలిగ్గా అనిపించింది, సార్ చెప్పిందే కరెక్ట్ అనుకున్నాను. ఐదో వారంలో వీడియోలో ఆ దబ్ మళ్లీ వినిపించింది. అలసట అనుకుని వదిలేశాను. పోటీకి వారం ముందు సరదాగా కాఫ్ రైజ్‌లు లెక్కపెట్టుకుంటే 18 దగ్గర మడమ లేవలేదు. అప్పటికే పొద్దున్నే మంచం దిగి వేసే మొదటి అడుగులకి మడమ వెనక సలుపు మొదలైంది. టేపు చుట్టుకుని పోటీలో ఆడాను. ఆ తర్వాత మూడు నెలలు జంప్ చేయలేదు.

డీట్రైనింగ్ (ట్రైనింగ్ ఆపేస్తే సంపాదించుకున్న బలం, దమ్ము తగ్గిపోవడం) అనగానే అందరూ సెలవుల్లో మంచమెక్కి పడుకోవడం గురించి ఆలోచిస్తారు. డాన్సర్లకి అది సెలవుల్లో కంటే సీజన్ మధ్యలోనే ఎక్కువ జరుగుతుందని నా నమ్మకం. రోజుకి ఐదు గంటలు ఆడుతూనే బలం పోగొట్టుకోవచ్చు. ఎందుకంటే రిహార్సల్‌లో కాలు మోసేది మన ఒంటి బరువే. దానికి శరీరం ఎప్పుడో అలవాటు పడిపోయింది. అదే బరువుతో వెయ్యిసార్లు గెంతితే ఓపిక పెరుగుతుంది, గరిష్ఠ బలం పెరగదు. పెంచుకున్న బలం నిలవాలంటే మధ్యమధ్యలో దానికి తగ్గ బరువు తగులుతూనే ఉండాలి.

మొదట్లో తేడా తెలియకపోవడానికీ కారణం ఉంది. ట్రైనింగ్ ఆపిన మొదటి మూడు నాలుగు వారాలు బలం చాలావరకు నిలబడుతుంది. ముందు పడిపోయేది దమ్ము. 1984లో కోయిల్ అనే పరిశోధకుడి బృందం బాగా తర్ఫీదు పొందిన రన్నర్లు, సైక్లిస్టుల చేత ప్రాక్టీసు పూర్తిగా మాన్పించి చూస్తే, మొదటి మూడు వారాల్లోనే శరీరం ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం దాదాపు 7 శాతం, 84 రోజులకి 16 శాతం తగ్గింది. మన విషయంలో రిహార్సల్ ఆగదు కాబట్టి దమ్ము తగ్గదు. రన్-త్రూ (మొత్తం ఐటెమ్ ఆగకుండా ఆడి చూడటం) చివరిదాకా ఊపిరి అందుతుంది, ఫిట్‌గానే ఉన్నామనుకుంటాం. లోపల కాళ్ల బలం కరుగుతోందని చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.

ఒక జంప్ నుంచి ఒంటికాలి మీద దిగితే ఆ కాలి మీద మన బరువుకి కొన్ని రెట్లు పడుతుంది. మీ కాలి గరిష్ఠ బలం వంద అనుకోండి, ఒక్కో ల్యాండింగ్ అందులో అరవై అడుగుతుందనుకోండి. బలం ఎనభైకి పడిపోతే అదే ల్యాండింగ్ ఉన్నదాంట్లో ముప్పావు వంతు లాగేసుకుంటుంది. సరిగ్గా అదే రోజుల్లో మనం ల్యాండింగ్‌ల సంఖ్యని రెండింతలు చేస్తాం. మోసే బలం తగ్గించి మోయాల్సిన బరువు పెంచడం! పోటీకి రెండు వారాల ముందు టీమ్‌లో సగం మంది టేపులు చుట్టుకుని తిరుగుతుంటే దిష్టి తగిలిందనో, వార్మప్ సరిగ్గా చేయలేదనో అంటాం.

1999లో కుటెడాకిస్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ప్రచురించిన ఒక అధ్యయనం నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. ప్రొఫెషనల్ బ్యాలే డాన్సర్లని సీజన్ అయిపోగానే ఒకసారి, ఆరు వారాల సెలవు తర్వాత మరోసారి పరీక్షించారు. సెలవు తర్వాత వాళ్ల కాళ్ల బలం, ఒంటి వంపు రెండూ మెరుగయ్యాయి. ఏమీ చేయకుండా ఉన్నాకే మెరుగయ్యారంటే, సీజన్ చివరికి వాళ్లు ఎంత అరిగిపోయి ఉన్నారో చూడండి. విశ్రాంతి మనకి శత్రువు కాదు. బలాన్ని తినేస్తున్నది మనం సీజన్‌ని నడిపే తీరు.

వెయిట్స్ చేస్తే "తొడలు లావైపోతాయి, లైన్ (ఒంటి తీరు) పోతుంది" అనే భయం ఒకటి. ఈ మాట విని ఎంతమంది అమ్మాయిలు డంబెల్ ముట్టుకోవడానికే జంకుతారో నాకు తెలుసు. మొదటి వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం నరాల పని, ఉన్న కండనే మెదడు ఇంకా బాగా వాడుకోవడం నేర్చుకుంటుంది. 2004లో మళ్లీ కుటెడాకిస్, షార్ప్ కలిసి ప్రొఫెషనల్ బ్యాలెరీనాల చేత 12 వారాలు తొడ కండరాలకి వెయిట్స్ చేయించారు. బలం పెరిగింది, తొడల కొలతల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఒళ్లు బిగుసుకుపోతుందన్నదీ అంతే. కీలు ఎంత దూరం వెళ్లగలదో అంత దూరం పూర్తిగా తీసుకెళ్లి బరువు ఎత్తితే వంపు కూడా పెరుగుతుంది. ఆస్ట్రేలియన్ బ్యాలే కంపెనీలో అయితే పిక్కల్ని సాగదీసి పట్టుకోవడం మానేసి, దాని బదులు కాఫ్ రైజ్‌లు పెట్టారు.

పోటీ డాన్స్ ఆషామాషీ శ్రమ కాదు. బ్రేకింగ్ (బ్రేక్ డాన్స్) 2024 పారిస్ ఒలింపిక్స్ దాకా వెళ్లింది. లాటిన్ డాన్స్ పోటీల్లో జోడీలు సాంబా, చాచాచా, రుంబా, పాసో డొబ్లే, జైవ్ ఒకదాని వెంట ఒకటి ఆడతారు, ఒక్కోటి ఒకటిన్నర నిమిషం పైమాటే, రౌండ్ తర్వాత రౌండ్. ఇంత శ్రమ ఉన్న మరే ఆటలోనైనా సీజన్ మొదలవగానే బలం పెంచే పని మూట కట్టేస్తారా?

కోచ్‌ల భయం నాకు అర్థం కాకపోలేదు. కాళ్లు పట్టేసిన పిల్లతో రన్-త్రూ ఎలా చేయించాలి? కానీ కండలు పట్టేసేది ఎక్కువగా కొత్త వ్యాయామాలకి, అలవాటు లేనన్ని రెప్స్‌కి (ఒక సెట్‌లో ఎన్నిసార్లు చేస్తామో ఆ లెక్కకి). నెలల తరబడి చేస్తున్న స్క్వాటే, అదే బరువుతో, తక్కువ సెట్లు చేస్తే మర్నాడు హాయిగా ఆడొచ్చు. బలం నిలుపుకోవడానికి చాలా కొంచెం చాలు. 2011లో బికెల్ అనే పరిశోధకుడి బృందం కొందరి చేత 16 వారాలు, వారానికి మూడు రోజులు ట్రైనింగ్ చేయించి, తర్వాత కొందరికి దాన్ని తొమ్మిదో వంతుకి తగ్గించింది. వారానికి ఒక్కరోజు, ఒక్కో వ్యాయామానికి ఒక్క సెట్. 20 నుంచి 35 ఏళ్ల వాళ్లు దాంతోనే 32 వారాల పాటు బలం, కండ రెండూ నిలుపుకున్నారు. మనం అడుగుతున్నది ఆరు వారాలు. బార్ మీద బరువు మాత్రం తగ్గించకూడదు, తగ్గించాల్సింది సెట్లు, రోజులు. ఆఖరి వారం పూర్తిగా ఆపినా నష్టం లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. పోటీ ముందు "కాస్త సన్నబడండి" అని తిండి తగ్గించమనే అలవాటు. వెయిట్స్ ఆపి, తిండీ కోస్తే పోయేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా. ఎముకలకీ, నెలసరికీ ముప్పే. దీని మీద ఇంకోసారి వివరంగా రాస్తాను, నాకు చాలా కోపం ఉంది.

బ్రేక్ తర్వాత తిరిగొచ్చేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఒకసారి సంపాదించిన బలం రెండోసారి త్వరగా వస్తుంది. నాకు నాలుగు నెలలు పట్టిన ఆ 27 కాఫ్ రైజ్‌లు, గాయం మానాక రెండు నెలల్లోపే తిరిగొచ్చింది. కానీ కండంత తొందరగా టెండన్ (కండని ఎముకకి కలిపే పట్టీ) కుదురుకోదు, దానికి నెలలు కావాలి. కాళ్లలో సత్తువ వచ్చేసిందని మొదటి వారంలోనే పాత జంప్‌లన్నీ ఆడేస్తే మళ్లీ మొదటికే వస్తారు.

నిన్న ఆ అమ్మాయిని కారిడార్‌లోకి తీసుకెళ్లి గోడకి రెండు వేళ్లు ఆనించి ఒంటికాలి మీద కాఫ్ రైజ్‌లు చేయమన్నాను. కుడికాలి మీద 24. ఎడమకాలి మీద 15 దగ్గర మడమ సగం లేచి ఆగిపోయింది. ఐస్ పెట్టుకున్నదీ ఎడమ మోకాలికే. తనూ ఆ రెండు అంకెలూ చూసుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. రేపు సార్‌తో మాట్లాడతాను, ముందు ఫిజియో దగ్గరికి పంపమంటాను. ఒప్పుకుంటే మంగళవారం పొద్దున నలభై నిమిషాలు, తన పక్కనే నేనూ బార్ కింద ఉంటాను.