షాక్ వేవ్ తర్వాతి వారమే అసలు చికిత్స

పక్షవాతం వచ్చి కొన్ని నెలలు గడిచాక చాలామంది రోగులను కాలికంటే భుజమే ఎక్కువగా బాధిస్తుంది. కాలు ఈడ్చుకుంటూనైనా నాలుగడుగులు పడతాయి. చెయ్యి మాత్రం ఛాతీకి అతుక్కుపోయి, మోచేయి ముడుచుకుని, ఎవరైనా లాగితే ఇంకా బిగుసుకుంటుంది. ఇలాంటి భుజాలకు విశాఖపట్నంలో ఇప్పుడు షాక్ వేవ్ థెరపీ చేస్తున్నారు. మడమ నొప్పికి, మోచేతి నొప్పికి ఎప్పటినుంచో వాడుతున్న యంత్రమే ఇది. రామ్‌నగర్, మహారాణిపేట చుట్టుపక్కల ఆస్పత్రులకు శ్రీకాకుళం నుంచీ పాడేరు నుంచీ వచ్చే కుటుంబాలు అడిగే ప్రశ్న ఒకటే: దీనితో చెయ్యి లేస్తుందా? దీనికి అవునని గానీ కాదని గానీ ఒక్క ముక్కలో చెబితే ఆ కుటుంబాలకు అన్యాయం చేసినట్టే.

ముందు ఆ భుజంలో ఏం జరుగుతోందో చూడాలి. మెదడు నుంచి వెన్నుపాముకు అందే అదుపు దెబ్బతినడంతో కండరాన్ని సాగదీసినప్పుడల్లా అది అతిగా ప్రతిస్పందిస్తుంది. ఎంత వేగంగా లాగితే అంత బిగుస్తుంది, నెమ్మదిగా తీస్తే కొంత లొంగుతుంది. ఇది నరాలకు సంబంధించిన భాగం. నెలల తరబడి ఒకే భంగిమలో ఉండిపోయిన కండరం కురచబడుతుంది, దానిలోని పీచు కణజాలం గట్టిపడుతుంది. ఇది కండరానికి సంబంధించిన భాగం. రోగికీ ఇంట్లోవాళ్లకూ రెండూ కలిసి ఒకే బిగుతుగా అనుభవంలోకి వస్తాయి, చికిత్స మాత్రం రెండింటికీ ఒకటి కాదు.

భుజాన్ని ఇలా బిగించేవి ముఖ్యంగా రెండు కండరాలు. ఒకటి ఛాతీ ముందున్న పెద్ద కండరం, పెక్టోరాలిస్ మేజర్. రెండోది రెక్క ఎముకకు లోపలి వైపున, పక్కటెముకలకు ఆనుకుని ఉండే సబ్‌స్కాప్యులారిస్. ఈ రెండూ చేతిని ఒంటికి లాగి లోపలికి తిప్పుతాయి. అప్పుడు చొక్కా తొడగడం ఒక యుద్ధమవుతుంది. చంకలోకి తడిగుడ్డ కూడా వెళ్లదు. విశాఖ ఉక్కపోతలో గాలి తగలని ఆ మడత చెమటకు నాని, ఒరుసుకుపోయి, పుండ్లు పడుతుంది. రోగి పక్కకు ఒత్తిగిలితే నొప్పి, వెల్లకిలా పడుకున్నా నొప్పి. భుజం బిగుతును వైద్యుల పట్టికలో ఒక అంకెగా చూసేవాళ్లకు ఈ బాధ కనిపించదు.

షాక్ వేవ్ అంటే కరెంటు పెట్టడం కాదు, బలమైన ధ్వని తరంగాలను శరీరంలోకి పంపడం. కిడ్నీలో రాళ్లను పగలగొట్టడానికి 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో తొలిసారి మనిషిపై వాడారు. అంతకంటే చాలా తక్కువ శక్తితో కండరాల మీద ప్రయోగించడం తర్వాత వచ్చింది. పక్షవాతపు బిగుతు విషయంలో తరచుగా ప్రస్తావించే అధ్యయనం 2005లో ఇటలీ నుంచి వెలువడింది. ఇరవై మంది రోగులకు ముంజేతి, అరచేతి కండరాలపై ఒకే ఒక్కసారి చికిత్స చేస్తే బిగుతు తగ్గింది. వేళ్ల విషయంలో ఆ ఫలితం 12 వారాల దాకా కనిపించింది. ఇప్పుడు సాధారణంగా వారానికి ఒకసారి చొప్పున మూడు నుంచి ఐదు సార్లు చేస్తున్నారు. ఒక్కో విడత కొన్ని నిమిషాలే.

ఇది ఎలా పనిచేస్తుందనేదానిపై ఏకాభిప్రాయం లేదు. కణజాలంలో నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై రక్తప్రసరణ పెరుగుతుందని ఒక వాదన. గట్టిపడిన పీచు వదులై కండరం సాగే గుణం మెరుగవుతుందని మరొకటి. వెన్నుపాము ప్రతిస్పందనను కొలిచే పరీక్షల్లో పెద్ద మార్పు కనిపించని సందర్భాలున్నాయి కాబట్టి, రెండో వాదనకే బలం ఎక్కువని నేను అనుకుంటాను. అదే నిజమైతే దాని పర్యవసానం పెద్దది. నరాల వైపు సమస్య అలాగే ఉంటుంది. వదులైన కండరాన్ని ఆ రోజుల్లోనే సాగదీసి, కదిలించి, పని చేయించకపోతే అది మళ్లీ పాత స్థితికి చేరుకుంటుంది. యంత్రం ఇచ్చేది కొన్ని వారాల గడువు మాత్రమే.

పరిశోధనల ఫలితాలను కూడా ఈ కోణంలోనే చదవాలి. బిగుతును ‘మోడిఫైడ్ యాష్‌వర్త్ స్కేలు’ అనే కొలమానం మీద 0 నుంచి 4 వరకు కొలుస్తారు. షాక్ వేవ్ తర్వాత ఈ అంకె తగ్గుతున్నట్టు చాలా అధ్యయనాలు చెబుతున్నాయి, నొప్పి తగ్గినట్టు కూడా కొన్నిటిలో ఉంది. కానీ చేతితో పని చేసుకోగలగడంలో మెరుగుదల అంత నిలకడగా కనిపించలేదు. అధ్యయనాలు చాలావరకు చిన్నవి. వాటిలో వాడిన శక్తి, తరంగాల దెబ్బల సంఖ్య, విడతలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. పైగా ఎక్కువ పరిశోధన మణికట్టు, మోచేయి, పిక్క కండరాలపైనే జరిగింది. అక్కడి ఫలితాన్ని యథాతథంగా భుజానికి అంటగట్టడం సరికాదు.

భుజం దగ్గర ఉన్న చిక్కు శరీర నిర్మాణంలోనే ఉంది. క్లినిక్‌లలో ఎక్కువగా ఉండేది గాలి ఒత్తిడితో నడిచే రేడియల్ రకం. దాని శక్తి చర్మం దగ్గర ఎక్కువగా ఉండి లోపలికి వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది. ఛాతీ కండరానికి అది అందుతుంది. రెక్క ఎముకకు లోపలి వైపు దాగిన సబ్‌స్కాప్యులారిస్‌ను చేరాలంటే చెయ్యి పక్కకు తీసి చంక వైపు నుంచి వెళ్లాలి, ఈ రోగికి రానిదే ఆ కదలిక. లోతుకు వెళ్లే ఫోకస్డ్ రకం వాడదామంటే, ఆ కండరానికి కొద్ది దూరంలోనే ఊపిరితిత్తి ఉంటుంది. గాలి నిండిన ఆ కణజాలం మీద ఈ తరంగాలు పడకూడదు. ఇంకొకటి, స్ట్రోక్ వచ్చినవారిలో చాలామంది ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి మందులు వాడుతుంటారు. కొందరికి వార్‌ఫరిన్ కూడా ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా చేసే మందులున్నప్పుడు చర్మం కింద నెత్తురు కమిలే ప్రమాదం పెరుగుతుంది. మందుల చీటీ అడగకుండా యంత్రం చేతిలోకి తీసుకునే చోట ఈ చికిత్స చేయించుకోకండి.

అసలు నొప్పికి కారణం బిగుతేనా అన్నది కూడా తేల్చుకోవాలి. కీలు కొంత జారి ఉండవచ్చు, కీలు చుట్టూ ఉన్న పొర బిగుసుకుని ఉండవచ్చు, స్నాయువు చిరిగి ఉండవచ్చు. వీటిని వేరు చేసి చూడకుండా అందరికీ ఐదు విడతల ప్యాకేజీ రాసేయడం నాకు అత్యంత ఆందోళన కలిగిస్తున్న ధోరణి. బిగుసుకున్న కండరాన్ని వదులు చేసే బొటాక్స్ ఇంజెక్షనుకు షాక్ వేవ్ కంటే బలమైన ఆధారాలున్నాయి. చేతి బిగుతుకు అమెరికా స్ట్రోక్ మార్గదర్శకాలు 2016లోనే దాన్ని గట్టిగా సిఫారసు చేశాయి. దాని ప్రభావం సుమారు మూడు నెలలుంటుంది, ఖరీదు మాత్రం మధ్యతరగతికి కూడా భారమే. మణికట్టు, మోచేతి బిగుతు విషయంలో షాక్ వేవ్ బొటాక్స్‌కు తీసిపోలేదని తైవాన్‌లో జరిగిన ఒక చిన్న అధ్యయనం 2018లో చెప్పింది. సూది మందు కొనలేనివారికి ఇది ఆశ కలిగించే విషయమే. అందుకే ఈ చికిత్సను కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను.

నా అభ్యంతరం విడతకూ విడతకూ మధ్య ఉన్న ఆరు రోజుల గురించి. ఆ రోజుల్లో ఇంట్లో ఏం చేయాలో చాలామందికి ఎవరూ చెప్పరు. చెప్పకపోతే ఇంటివాళ్లు తమకు తోచింది చేస్తారు. తలుపు పైన కప్పీ బిగించి, మంచి చేత్తో తాడు లాగి పడిపోయిన చేతిని పైకెత్తించే వ్యాయామం మన ఇళ్లలో ఎంతో ప్రేమతో చేయిస్తారు. అదే 2016 మార్గదర్శకాలు దీన్ని చేయవద్దని స్పష్టంగా చెప్పాయి, ఎందుకంటే రెక్క ఎముక తిరగకుండా చెయ్యి ఒక్కటే లేస్తే కీలు నలిగి నొప్పి పెరుగుతుంది. మంచం మీద నుంచి లేపేటప్పుడో ఆటో ఎక్కించేటప్పుడో చంకలో చెయ్యి వేసి లాగడమూ అంతే హాని. చేతిని వీలైనంత బయటికి తిప్పి రోజుకు అరగంట ఉంచడం మాత్రం మేలు చేస్తుంది. దానికి యంత్రం అక్కర్లేదు, ఒక దిండు, పక్కన కూర్చునే ఓపిక ఉన్న మనిషి చాలు. నెమ్మదిగా సాగదీయడం, బల్లమీద రెండు చేతులూ కలిపి ముందుకు జరపడం లాంటివి ఫిజియోథెరపిస్టు ఒకసారి దగ్గరుండి చేయించి చూపితే ఇంటివాళ్లు పట్టుకోగలరు.

చికిత్స మొదలయ్యే ముందే ఒక లక్ష్యం రాసుకోవాలని నేను గట్టిగా కోరుతున్నాను. చంక శుభ్రం చేయగలగాలి, నొప్పి లేకుండా జాకెట్టో చొక్కానో తొడగగలగాలి, రాత్రి నిద్ర పట్టాలి. మూడో విడత తర్వాత వీటిలో ఏదీ మారకపోతే ఆపి, కారణం వెతకాలి. చెయ్యి మునుపటిలా లేచి పని చేస్తుందని మాట ఇచ్చేవారిని నమ్మవద్దు. వేళ్లలో సొంత కదలిక కొంతైనా ఉన్నవారికి వేరే ఆశ పెట్టుకోవచ్చు, బొత్తిగా లేనివారికి సుఖంగా ఉండే భుజమే గొప్ప ఫలితం.

ఇక్కడ ప్రభుత్వ బాధ్యత కూడా ఉంది. పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి రాష్ట్రం 2024 నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. అది ఎంతో అవసరమైన సాయం. ఆ స్థితికి చేరకముందే భుజాన్ని, నడకను కాపాడేందుకు అందులో కొంత భాగమైనా ఖర్చు చేస్తే ఎన్ని కుటుంబాలు నిలదొక్కుకుంటాయో ఆలోచించాలి. 1923 నుంచి ఉత్తరాంధ్రకు పెద్దదిక్కుగా ఉన్న కింగ్ జార్జ్ ఆస్పత్రిలోగానీ, హనుమంతవాకలోని ప్రభుత్వ ఆస్పత్రి విమ్స్‌లోగానీ బొటాక్స్, షాక్ వేవ్, ఫిజియోథెరపీ ఒకే గొడుగు కింద అందే బిగుతు క్లినిక్ వారానికి ఒక రోజైనా నడవాలి. పాడేరు నుంచి ఘాట్ రోడ్డు మీదుగా వంద కిలోమీటర్లకు పైగా రోగిని ప్రతి వారం దింపి తీసుకురావడం ఏ కుటుంబానికీ సాధ్యం కాదు. విశాఖలో విడత పూర్తయ్యాక మిగిలిన పని చేయించే ఫిజియోథెరపిస్టు మన్యంలోనే, కనీసం 104 వాహనంతో పాటైనా, ఆ ఇంటి గడప దాకా వెళ్లాలి. ఆ ఏర్పాటు జరిగాక కొత్త యంత్రాలు కొనే మాట ఎత్తవచ్చు.