మగ పిల్ ఇంకా రాలేదు, ప్రశ్నలు మాత్రం కౌంటర్ దాకా వచ్చేశాయి

ఆడవాళ్ల గర్భనిరోధక మాత్రకు అమెరికాలో 1960లోనే అనుమతి దొరికింది. మగవాళ్లు వేసుకునే మాత్ర మాత్రం ఇప్పటికీ ఏ దేశంలోనూ అమ్మకానికి రాలేదు. వార్తల్లో అయితే అది ఎన్నిసార్లు 'వచ్చేసిందో' లెక్కే లేదు. అలాంటి వార్త చదివిన మగవాడు దాని గురించి ముందుగా అడిగేది డాక్టర్‌ని కాదు, మందుల షాపులో ఫార్మసిస్టుని. అక్కడ అపాయింట్‌మెంట్ అక్కర్లేదు, ఫైలు తెరవరు, పేరు అడగరు.

అందుకే ఈ విషయంలో ఫార్మసిస్టులకు ఏం తెలుసు, ఏమనుకుంటున్నారు అన్న ప్రశ్న ముఖ్యం. కానీ సర్వేల్లో సాధారణంగా 'ఈ మాత్ర వస్తే మంచిదేనా?' అని అడుగుతారు. మంచిదే అనడానికి ఖర్చేముంది? అసలు చూడాల్సింది వేరే ఉంది: పేపర్లో హెడ్డింగ్ చదివి వచ్చిన మనిషికి, ఆ పరీక్షలో నిజంగా ఏం తేలిందో వాళ్లు విడమరచి చెప్పగలరా?

వైసీటీ-529నే తీసుకోండి. హార్మోన్లతో పనిలేని మాత్ర ఇది. విటమిన్ ఎ నుంచి ఒంట్లో తయారయ్యే ఒక పదార్థం వృషణాల్లో చేసే పనికి అడ్డుపడి, వీర్యకణాలు తయారుకాకుండా ఆపుతుంది. మనుషులపై తొలి దశ ఫలితాలు 2025 జులైలో ప్రచురితమయ్యాయి. పాల్గొన్నది 16 మంది. అందరూ అప్పటికే వేసెక్టమీ, అంటే మగవాళ్లకు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, చేయించుకున్నవాళ్లు. అంటే ఆ పరీక్ష చూసింది మందు ఒంటికి పడుతుందా లేదా అనే. గర్భం ఆగుతుందా అన్నది అందులో తేలే విషయమే కాదు. అయినా 'మగ పిల్ సక్సెస్' అని హెడ్డింగులు వచ్చాయి. ఈ ఒక్క ముక్క తెలిసిన ఫార్మసిస్టు, 'సురక్షితమేనని తొలి మెట్టులో తేలింది, పనిచేస్తుందా అన్నది ఇంకా తేలాలి' అని రెండు మాటల్లో చెప్పేయగలడు.

పాత చరిత్రా కొంత తెలిసి ఉండాలి. పత్తి గింజల నుంచి వచ్చే గాసిపాల్‌ను చైనాలో 1970లలో వేలమంది మగవాళ్లపై పరీక్షించారు. వీర్యకణాలు తగ్గాయి. దాంతోపాటు కొందరిలో రక్తంలో పొటాషియం పడిపోయింది, ఇంకొందరిలో సంతాన సామర్థ్యం తిరిగి రాలేదు. ఇక ప్రపంచ ఆరోగ్య సంస్థ భాగస్వామిగా 320 మందిపై జరిగిన హార్మోన్ ఇంజక్షన్ ప్రయోగాన్ని దుష్ప్రభావాల కారణంగా 2011లో ముందే ఆపేశారు. విచిత్రం ఏమిటంటే, ఆ పద్ధతి దొరికితే వాడతామన్నవాళ్లు పాల్గొన్నవారిలో నాలుగింట మూడొంతుల పైనే.

ఈ చివరి మాట కౌంటర్ వెనక ఉండే ఓ గట్టి నమ్మకానికి ఎదురు నిలుస్తుంది: 'మగాళ్లకు రోజూ మాత్ర వేసుకోవడం ఎక్కడ గుర్తుంటుంది?' బీపీ మాత్రలు, జుట్టు రాలకుండా ఫినాస్టరైడ్ ఏళ్ల తరబడి కొనుక్కెళ్లే మగవాళ్లకు వాటిని అందిస్తున్న చేతులే ఈ మాటా అంటాయి. ఇది తెలిసి చెప్పే మాట కాదు, అలవాటుగా వచ్చే మాట. దాని ఫలితం ఇలా ఉంటుంది. 'మగవాళ్లకూ టాబ్లెట్ వచ్చిందటగా అండీ?' అని ఒకాయన గొంతు తగ్గించి అడుగుతాడు. 'ఏం, మీరు వేసుకుంటారా?' అని అటువైపు నుంచి నవ్వు. ఆయన తలనొప్పి మాత్రల స్ట్రిప్ ఒకటి తీసుకుని వెళ్లిపోతాడు. మళ్లీ అడగడు.

అలా వెళ్లిపోయిన మనిషి జిమ్‌లో ఎవరో చెప్పారని టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ ఇంజక్షన్ల వైపు తిరిగితే? అసలు టెన్షన్ అక్కడే. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే మెదడు ఒంట్లో చాలినంత ఉందనుకుని వృషణాలకు పంపే సంకేతాలు తగ్గించేస్తుంది. దాంతో వీర్యకణాల తయారీ పడిపోతుంది. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాడికి ఇది దెబ్బ. 'అయితే ఇదే గర్భనిరోధకం' అనుకున్నవాడికీ దెబ్బే, ఎందుకంటే అందరిలో ఒకేలా తగ్గదు, ఎప్పుడు కోలుకుంటుందో ముందే చెప్పలేం. మాత్ర ఇంకా రాకపోయినా ఫార్మసిస్టుకు ఇవాళే కావాల్సిన పరిజ్ఞానం ఇది.

రేపు మాత్ర వచ్చాక అన్నిటికన్నా కష్టంగా చెప్పాల్సింది ఆగమనే మాట. ఒక వీర్యకణం తయారు కావడానికి రెండు నెలల పైన పడుతుంది. భుజాలకు రాసుకునే హార్మోన్ జెల్ ప్రయోగంలో 86 శాతం మందిలో వీర్యకణాల సంఖ్య కావాల్సినంత తగ్గడానికి 15 వారాల దాకా పట్టింది. ఈ రోజు మొదలుపెట్టి రేపటికి ధీమాగా ఉండటం కుదరదు. పైగా నెలసరి లాంటి గుర్తేదీ మగవాడికి ఉండదు. పనిచేస్తోందో లేదో వీర్య పరీక్ష చేయించుకుంటేనే తెలుస్తుంది. మాత్రలు మరిచిపోయేది ఒకరు, దాని ఫలితం మోసేది ఇంకొకరు. అందుకే 'మరిచిపోతే ఏం చేయాలి' అన్న సలహా ఇద్దరికీ కలిపి చెప్పాలా, కొన్నవాడికే చెప్పాలా అన్నది ఇప్పుడే ఆలోచించుకోవాలి. సుఖవ్యాధుల నుంచి ఈ మాత్ర కాపాడదని, దానికి కండోమే వాడాలని కూడా చెప్పాలి.

ఇవన్నీ బొత్తిగా కొత్త పాఠాలేమీ కావు. వేసెక్టమీ తర్వాత కూడా దాదాపు మూడు నెలలు కండోమ్ వాడాలి, వీర్య పరీక్షలో సరేనన్నాకే మానాలి. సర్వే చేసేవాళ్లు రాని మాత్ర మీద అభిప్రాయం అడిగే ముందు, కౌంటర్‌లో ఉన్నవాళ్లకు ఈ సంగతి తెలుసో లేదో అడిగి చూడొచ్చు.