వెంట్రుకలు లెక్కపెట్టారు, మరి మెదడు?

జుట్టు మందుకూ మెదడుకూ లంకె ఉందంటే, బోడిగుండుకూ మోకాలికీ ముడిపెడుతున్నారని కొట్టిపారేసేవారికి ఇన్నాళ్లూ కొదవ లేదు. బట్టతలకు మింగే ఫినాస్టెరైడ్ అనే మందు విషయంలో ఆ ధీమా ఇక చెల్లదు. 2025 మే నెలలో ఐరోపా ఔషధ సంస్థ భద్రతా కమిటీ ఈ మాత్రల దుష్ప్రభావాల్లో ఆత్మహత్య ఆలోచనలు కూడా ఉన్నాయని ధ్రువీకరించింది. బట్టతలకు వాడే ఒక మిల్లీగ్రాము మాత్రల పెట్టెలో హెచ్చరిక కార్డు పెట్టాలని నిర్ణయించింది. అంతకు నెల ముందు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఇదే మందును కలిపి తలకు రాసుకునేందుకు అమ్ముతున్న మిశ్రమాలపై హెచ్చరిక జారీ చేసింది. 2019 నుంచి 2024 వరకు ఆ సంస్థకు అందిన 32 ఫిర్యాదుల్లో కుంగుబాటు, ఆందోళన, నిద్రలేమి సరసన ‘బ్రెయిన్ ఫాగ్’ కూడా ఉంది. ఆలోచన మందగించడం, మాట గుర్తుకు రాకపోవడం, చదివింది నిలవకపోవడం వంటివన్నీ కలిపి వాడుకలో ఆ పేరుతో పిలుస్తున్నారు.

ఈ ముడి ఎక్కడ పడిందో చూడాలంటే మందు పనిచేసే తీరు తెలియాలి. 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ టెస్టోస్టెరాన్‌ను డైహైడ్రోటెస్టోస్టెరాన్‌గా మారుస్తుంది. జుట్టు కుదుళ్లను కుంచించుకుపోయేలా చేసేది అదే. ఫినాస్టెరైడ్ ఆ ఎంజైమ్‌ను అడ్డుకుని, రక్తంలో ఆ హార్మోన్‌ను దాదాపు మూడింట రెండు వంతులు తగ్గిస్తుంది. అయితే ఆ ఎంజైమ్ చేసే పని అదొక్కటే కాదు. ప్రొజెస్టెరాన్ నుంచి అల్లోప్రెగ్ననొలోన్ తయారయ్యే దారిలో మొదటి మెట్టు కూడా దానిదే. మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనం పనిచేసే గ్రాహకాల మీద పనిచేసి ఉద్వేగాన్ని, ఆందోళనను అదుపులో ఉంచే పదార్థం ఈ అల్లోప్రెగ్ననొలోన్. ప్రసవానంతర కుంగుబాటుకు 2019లో ఎఫ్‌డీఏ అనుమతించిన బ్రెక్సనొలోన్ ఈ అల్లోప్రెగ్ననొలోనే. బయటి నుంచి ఎక్కిస్తే కుంగుబాటు తగ్గుతుందని అంగీకరించిన పదార్థాన్ని ఒక మాత్ర తగ్గించే అవకాశం ఉన్నప్పుడు, ఏం జరుగుతుందని అడగడం చాదస్తం అనిపించుకోదు. మెదడులో ఎక్కువగా ఉండేది ఈ ఎంజైమ్‌లోని మొదటి రకమని, ఫినాస్టెరైడ్ ప్రధానంగా రెండో రకాన్నే అడ్డుకుంటుందని మరో వాదం ఉంది. అదీ నిజమే. కాకపోతే రెండు రకాలనూ అడ్డుకునే డ్యుటాస్టెరైడ్‌ను కూడా జుట్టు కోసం వాడుతున్నారు. ఫినాస్టెరైడ్ గంటల్లో రక్తం నుంచి తొలగిపోతుంది గానీ, డ్యుటాస్టెరైడ్ సగానికి తగ్గడానికే అయిదు వారాలు పడుతుంది.

ఫినాస్టెరైడ్‌కు మొదట 1992లో పురుషుల్లో మూత్ర సమస్యలు తెచ్చే ప్రొస్టేట్ గ్రంథి వాపు కోసం, 1997లో బట్టతల కోసం అమెరికాలో అనుమతి లభించింది. బట్టతల పరీక్షల్లో నెత్తిన అంగుళం వ్యాసమున్న వలయం గీసి అందులోని వెంట్రుకలను లెక్కపెట్టారు. ఉత్తుత్తి మాత్ర మింగినవారితో పోలిస్తే ఏడాదికి ఆ వలయంలో సగటున 107 వెంట్రుకలు ఎక్కువగా తేలాయి. ఫొటోలు తీసి పోల్చారు, లైంగిక సమస్యలను నమోదు చేశారు. ఫలితం తేల్చిన కొలమానాల్లో జ్ఞాపకశక్తికి గానీ ఏకాగ్రతకు గానీ చోటు లేదు. మా అభ్యంతరమంతా ఇక్కడే. ‘ఆధారాలు లేవు’ అన్న మాటను ఇన్నేళ్లూ మందు తరఫున సాక్ష్యంగా వాడుకున్నారు. వెతకని చోట ఆధారం ఎలా దొరుకుతుంది?

వెతికినవారికి దొరికింది కూడా సూటిగా లేదని ఒప్పుకోవాలి. స్వీడన్‌లో 50 ఏళ్లు దాటిన 22 లక్షల మంది పురుషుల రికార్డులతో 2022లో ఒక అధ్యయనం వెలువడింది. ఫినాస్టెరైడ్, డ్యుటాస్టెరైడ్ తరగతి మందులు వాడినవారిలో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) నిర్ధారణలు మొదట్లో ఎక్కువగా కనిపించినా, వాడకం కాలం పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గిపోయింది. మూత్ర సమస్యతో తరచూ డాక్టరు దగ్గరకు వెళ్లేవారిలో మతిమరుపు కూడా త్వరగా బయటపడుతుందని పరిశోధకులు వివరించారు. కుంగుబాటు ముప్పు మాత్రం తగ్గలేదు. అయినా ఆ వయసువారి లెక్కలు పాతికేళ్ల కుర్రవాడికి ఎంతవరకు వర్తిస్తాయి? ప్రపంచ ఆరోగ్య సంస్థ ఔషధ ఫిర్యాదుల నిధిని తిరగేసిన మరో పరిశోధనలో, జుట్టు కోసం వాడిన 45 ఏళ్లలోపు వారిలోనే ఆత్మహత్య సంబంధిత ఫిర్యాదుల జోరు కనిపించింది. ప్రొస్టేట్ కోసం అయిదు రెట్ల మోతాదు మింగే పెద్దవారిలో అది లేదు. తక్కువ మోతాదుకు ఎక్కువ ఫిర్యాదులేమిటన్నది సందేహించేవారి ప్రశ్న. వార్తల ప్రచారం కూడా ఫిర్యాదులను పెంచి ఉండవచ్చు. దుష్ప్రభావాల గురించి ముందే చెప్పినవారిలో లైంగిక సమస్యలు 43.6 శాతం, చెప్పనివారిలో 15.3 శాతం కనిపించాయని 2007లో ఇటలీ పరిశోధకులు చూపారు. భయం కూడా రోగం తెచ్చిపెడుతుంది. జుట్టు రాలుతోందన్న దిగులే మనసును కుంగదీస్తుంది, కుంగిన మనసుకు ఏకాగ్రత కుదరదు. ఇందులో మాత్ర వాటా ఎంతో విడదీసి చూపగల అధ్యయనాలు కావాలి.

సంఖ్యల కోణంలో చూస్తే ముప్పు అరుదైనదే. ఐరోపా సమీక్షలో తేలిన ఆత్మహత్య ఆలోచనల కేసుల్లో ఫినాస్టెరైడ్‌కు సంబంధించినవి 313. వాడకం దాదాపు 27 కోట్ల రోగి-సంవత్సరాలు, అంటే వాడినవారందరూ వాడిన ఏళ్లన్నీ కలిపిన మొత్తం. ప్రయోజనాలే ఎక్కువని ఆ కమిటీ కూడా అన్నది. ఎఫ్‌డీఏ 2022లో మందును ఉపసంహరించాలన్న అర్జీని తోసిపుచ్చుతూనే, ఆత్మహత్య ఆలోచనల ప్రస్తావనను లేబుల్‌లో చేర్పించింది. నిషేధం మేము కూడా కోరడం లేదు. అయితే ఫిర్యాదు చేసినవారి సంఖ్యే బాధితుల సంఖ్య అనుకోవడానికి వీల్లేదు. ఆఫీసు పనిలో తడబడుతున్న యువకుడు దానికి జుట్టు మాత్ర కారణం కావచ్చని ఊహించడు, ఊహించి చెబితే డాక్టరు నమ్మడు. మాత్ర మానేశాక కూడా ఆ మసక వీడలేదని చెప్పేవారి మాటను ‘అంతా మీ భ్రమ’ అని తోసేయడం వైద్యం కాదు.

ఇప్పుడు ఈ మందు చాలామందికి డాక్టరు ముఖం చూడకుండానే, ఫోనులో నాలుగు ప్రశ్నలకు టిక్కు పెడితే ఇంటికి వచ్చేస్తోంది. ముందు మారవలసింది ఇదే. గతంలో కుంగుబాటు ఉందా అని అడగని చీటీ చెల్లకూడదు. మొదలుపెట్టే ముందు, మూడు నెలలకోసారి మనసు స్థితిని, జ్ఞాపకశక్తిని చిన్న పరీక్షతో నమోదు చేయాలి. పోల్చడానికి పాత లెక్క ఉంటేనే మాత్ర ప్రభావమా, దిగులా అన్నది తేలుతుంది. మూడ్ మారితే ఒక మిల్లీగ్రాము మాత్ర ఆపి డాక్టరును కలవాలన్న సూచన ఐరోపాకే ఎందుకు పరిమితం కావాలి? తలకు రాసుకునే మిశ్రమాలకు కూడా అదే నియమం వర్తించాలి. చర్మం మీద రాసింది రక్తంలోకి చేరదన్న భరోసాతో వాటిని అమ్ముతున్నారు, చేరుతుందని ఎఫ్‌డీఏ చెప్పింది. జుట్టుకు కొత్త మందులు ఇంకా పరీక్షల దశలో ఉన్నాయి. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షలను వాటి అనుమతికి షరతుగా ఇప్పుడే పెట్టే అధికారం నియంత్రణ సంస్థల చేతిలో ఉంది.